శ్రీకాకుళం నుంచి డల్లాస్‌కి ఏ దారి మేలు?

"ఒరే, డల్లాస్ అంటే ఏటంత దూరం? తిరుపతికి ఎల్లినట్టు నాలుగైదు ఇంతలుంటాదేటి?" అని అడిగింది మా పెద్దమ్మ. ఫోన్లో లెక్క చూసి, తిరుపతికి పదిహేడు సార్లు వెళ్లినంత అని చెప్పాను. నోరెళ్లబెట్టింది. తర్వాత అడిగిన ప్రశ్నే అసలుది: "దూరం సరే, ఇంట్లోంచి బయల్దేరి ఎన్ని గంటలకి మనవడి మొహం చూస్తాను?"

మా చుట్టాల్లో అమెరికా టికెట్లు చూసిపెట్టే పని ఎలాగో నా నెత్తిన పడింది. ఇప్పటికి అరడజను సార్లు ఆమదాలవలస, నరసన్నపేట, విజయనగరం వాళ్లని డల్లాస్ పంపించాను. మొదట్లో నేనూ అందరిలాగే ఏ దారి దగ్గరో చూసేవాణ్ని. అది ఎంత దండగమారి పనో తర్వాత తెలిసింది. ఎందుకంటే ఏ దారిన వెళ్లినా దూరం దాదాపు ఒకటే. తేడా అంతా మధ్యలో ఎక్కడ కూర్చోవాలి, సామాను ఎన్నిసార్లు మోయాలి, ఇంటి నుంచి మొదటి విమానం దాకా ఎలా చేరాలి అన్నదాంట్లో ఉంది.

ధ్రువం మీదుగా పోయే గీత

ముందు దూరం సంగతి తేల్చేద్దాం, ఇందులో ఒక తమాషా ఉంది. విశాఖ విమానాశ్రయం తూర్పు రేఖాంశం 83.2 డిగ్రీల దగ్గర ఉంది. డల్లాస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం పశ్చిమ రేఖాంశం 97 డిగ్రీల దగ్గర. రెండూ కలిపితే సుమారు 180. అంటే భూమికి మనం ఈ చెక్కన ఉంటే డల్లాస్ సరిగ్గా అవతలి చెక్కన. కొబ్బరికాయ మీద ఒక పక్కనున్న చీమ అవతలి పక్కకి పోవాలంటే నడుం చుట్టూ తిరగక్కర్లేదు, ముచ్చిక మీదుగా పోతే దగ్గర. అలాగే విశాఖ నుంచి డల్లాస్‌కి అతి దగ్గర దారి ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది. ఇంట్లో గ్లోబు ఉంటే దారం బిగించి చూడండి.

ఆ గీత వెంట పోతే ఛత్తీస్‌గఢ్ దాటి కాశీకి కాస్త పక్కగా వెళ్తాం, తర్వాత నేపాల్, టిబెట్, చైనా పడమటి ఎడారులు. అక్కడి నుంచి సైబీరియా, నోవోసిబిర్స్క్ దరిదాపులు, ధ్రువం, కెనడా మంచు దీవులు. మళ్లీ కిందికి విన్నిపెగ్, ఓక్లహామా, డల్లాస్. మొత్తం 14,390 కిలోమీటర్లు, మైళ్లలో దాదాపు 8,940. అన్నట్టు శ్రీకాకుళం, నేపాల్‌లోని పొఖరా దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. మన ఊళ్లో సూర్యుడు నడినెత్తిన ఉండే నిమిషానికే అక్కడా మిట్టమధ్యాహ్నం.

ఈ దారిలో ఏ విమానమూ పోదు. విమానానికి అంత సత్తా లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి ఆగకుండా పోయే విమానం 15,300 కిలోమీటర్ల పైచిలుకు ఎగురుతుంది. కానీ టిబెట్ పీఠభూమి మీద విమానంలో గాలి ఒత్తిడి తగ్గితే వెంటనే కిందికి దిగడానికి వీలుండదు, కింద నేలే అంత ఎత్తులో ఉంటుంది. అందుకే ఆ వైపు దారులు తక్కువ. రష్యా ఆకాశం 2022 నుంచి అమెరికా, యూరప్ విమానాలకి మూసి ఉంది. అన్నిటికీ మించి రోజూ మూడొందల మంది విశాఖ నుంచి డల్లాస్‌కి ఎక్కరు. కాబట్టి ఎక్కడో ఒక చోట దిగి ఎక్కాల్సిందే.

అన్నీ పదహారు వేలే

మనకున్న దారుల్ని కొలిచి చూశాను. ఇవన్నీ విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి భూగోళం మీద కొలిచిన దూరాలు. నిజంగా ఎగిరేటప్పుడు గాలి, మూసిన ఆకాశాలు చూసుకుని ఇంకో నాలుగైదు శాతం కలుస్తుంది.

విశాఖ నుంచి హైదరాబాద్ 510 కిలోమీటర్లు, అక్కడి నుంచి దుబాయ్ 2,550, దుబాయ్ నుంచి డల్లాస్ 12,920. కలిపితే 15,980. దుబాయ్ బదులు దోహా పెట్టినా ఇంచుమించు ఇంతే. హైదరాబాద్ నుంచి లండన్ మీదుగా వెళ్తే 7,750కి 7,630 కలుస్తుంది, విశాఖ ముక్కతో 15,890. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 15,885. ఢిల్లీకి వెళ్లి, అక్కడి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో, మళ్లీ డల్లాస్ అంటే 16,100. చూశారా? పడమటికి పోయినా, పసిఫిక్ దాటి వచ్చినా రెండొందల కిలోమీటర్ల తేడా. విమానానికి అది పావుగంట. ఆ పావుగంట కోసం రాత్రుళ్లు కూర్చుని పోల్చుకునేవాళ్లని చూశాను, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

తూర్పు దారి ఒక్కటే వేరు. విశాఖ నుంచి సింగపూర్ 2,910, సింగపూర్ నుంచి టోక్యో 5,360, టోక్యో నుంచి డల్లాస్ 10,320. మొత్తం 18,590. అంటే 2,600 కిలోమీటర్లు ఎక్కువ. విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉంది కదా, హైదరాబాద్ గొడవ లేకుండా పోతుంది కదా అని చాలామంది అడుగుతారు. గొడవ పోదు, సింగపూర్‌కి మారుతుంది. ఆ విమానం చవక రకం, దాని టికెట్ తర్వాతి టికెట్‌తో కలవకపోతే సింగపూర్‌లో ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చి, సామాను తీసుకుని మళ్లీ ఇవ్వాలి. దానికి వీసా చూసుకోవాలి. కుర్రాళ్లు, మధ్యలో రెండు రోజులు సింగపూర్ చూద్దామనుకునేవాళ్లు ఆలోచించొచ్చు. పెద్దవాళ్లకి నేనైతే చెప్పను.

గాల్లో ఎంత, కుర్చీలో ఎంత

ప్రయాణ సమయం మనంతట మనమే అంచనా వేసుకోవడానికి ఒక చిట్కా ఉంది. దూరాన్ని 850తో భాగించి, ఎక్కడం దిగడం కోసం అరగంట కలపండి. విశాఖ నుంచి హైదరాబాద్‌కి అలా లెక్కేస్తే గంటా పది నిమిషాలు వస్తుంది, నిజంగానూ దాదాపు అంతే పడుతుంది. దుబాయ్ నుంచి డల్లాస్‌కి పదహారు గంటలకి కాస్త తక్కువ వస్తుంది, నిజానికి పదహారు పడుతుంది. పడమటికి పోయేటప్పుడు ఎదురుగాలి ఉంటుంది కాబట్టి కొంచెం ఎక్కువే వేసుకోవాలి. పైన ఆకాశంలో పడమర నుంచి తూర్పుకి నదిలా పారే గాలులుంటాయి. అందుకే అదే విమానం తిరిగొచ్చేటప్పుడు గంటో గంటన్నరో ముందే చేరుతుంది.

ఈ లెక్కన గల్ఫ్ దారిలో గాల్లో ఉండేది సుమారు ఇరవై ఒకటింబావు గంటలు: విశాఖ ముక్క గంటంబావు, దుబాయ్‌కి నాలుగు, డల్లాస్‌కి పదహారు. యూరప్ దారిలో విశాఖ ముక్క పోగా పదీ పదిన్నర గంటల ముక్కలు రెండు. మొత్తం మళ్లీ అంతే. కానీ ఈ రెండూ ఒంటికి ఒకేలా ఉండవు. పదహారు గంటలు ఒకే కుర్చీలో కూర్చోవడం వేరు, పది గంటలకోసారి దిగి నాలుగు అడుగులు వేయడం వేరు. "ఏట్రా, పదారు గంటలూ కదలకుండా కూకోవాలా?" అని మా పెదనాన్న భయపడ్డాడు. ఆయనకి మోకాళ్ల నొప్పులు. ఇలాంటివాళ్లకి రెండు సమాన ముక్కలుగా ఉండే లండన్ దారే నయం. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా కదలకుండా కూర్చున్నప్పుడే ఎక్కువ. ఏ దారి అయినా రెండు గంటలకోసారి లేచి నడవమని, నీళ్లు తాగమని చెప్పి పంపండి. బాత్రూమ్‌కి మాటిమాటికీ లేవాలని మనవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, అదే చేటు.

మరోపక్క గల్ఫ్ దారిలో ఒక మంచి ఉంది. నిద్ర పట్టేవాళ్లకి ఆ పదహారు గంటలూ ఒక రాత్రి లాంటివి, మధ్యలో ఎవరూ లేపరు. పైగా హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా మీదుగా డల్లాస్ వెళ్లే విమానాల్లో తెలుగువాళ్లు బోలెడంతమంది ఉంటారు. నరసన్నపేట నుంచి మొదటిసారి బయల్దేరిన మా చిన్నాన్న అత్తగారికి పక్క సీట్లో విజయనగరం ఆవిడ తగిలింది. ఇద్దరూ పైడితల్లమ్మ సిరిమానోత్సవం కబుర్లతో అట్లాంటిక్ దాటేశారట. ఇది ఏ టికెట్ సైటూ చూపించని సౌకర్యం.

ఇక గడియారం తికమక. భారత కాలమానానికీ డల్లాస్‌కీ చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా పదిన్నర. జనవరిలో ఒక మంగళవారం తెల్లవారుజామున 4 గంటలకి హైదరాబాద్‌లో ఎక్కారనుకోండి. దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ ఆగడం నాలుగు, డల్లాస్‌కి పదహారు. ఇరవై నాలుగు గంటలు. మన గోడ గడియారంలో బుధవారం తెల్లవారుజాము 4. కానీ డల్లాస్‌లో ఇంకా మంగళవారం సాయంత్రం 4:30. టికెట్ మీద "బయల్దేరేది 4:00, చేరేది 16:30, అదే రోజు" అని చూసి మా తమ్ముడు పన్నెండున్నర గంటల్లో చేరిపోతారని వీధంతా చెప్పొచ్చాడు.

సైట్లు చూపించే మొత్తం సమయం కూడా మొదటి విమానం ఎక్కినప్పటి నుంచే మొదలవుతుంది. పై ఉదాహరణలో రాత్రి ఒంటిగంటకల్లా హైదరాబాద్‌లో కౌంటర్ దగ్గర ఉండాలి. దానికి విశాఖలో సాయంత్రం విమానం పట్టుకోవాలి. దానికి శ్రీకాకుళంలో సోమవారం మధ్యాహ్నం మూడుకి కారెక్కాలి. అక్కడి నుంచి డల్లాస్‌లో దిగేదాకా ముప్ఫై ఏడు గంటలు. ఇమిగ్రేషన్ క్యూ, కారు ప్రయాణం కలిపితే నలభై. పెద్దమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు అదీ: టికెట్ మీద ఇరవై నాలుగు, గుమ్మం నుంచి గుమ్మానికి నలభై.

మొదటి వంద కిలోమీటర్లు

పదహారు వేల కిలోమీటర్ల ప్రయాణంలో మన చేతిలో ఉండేది ఈ మొదటి ముక్కే. ఎక్కువమంది దెబ్బతినేదీ ఇక్కడే.

శ్రీకాకుళం నుంచి విశాఖ పాత విమానాశ్రయం 110 కిలోమీటర్ల పైన, పదహారో నంబరు జాతీయ రహదారి మీద రెండున్నర గంటలు. ఆనందపురం దాకా సాఫీగానే పోతుంది, అక్కడి నుంచి నగరం మొదలవుతుంది. సాయంత్రం వేళ మద్దిలపాలెం వైపు దిగితే ఇంకో ముప్పావుగంట కలుపుకోవాలి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో విశాఖ నాన్‌స్టాప్ బస్సు ఎక్కడం చవకే కానీ, నాలుగు పెద్ద పెట్టెలతో, పెద్దవాళ్లతో, దిగాక మళ్లీ ఆటో అంటే ఆదా చేసింది అక్కడే పోతుంది. నేను కారే చెబుతాను.

భోగాపురం లెక్కే వేరు. విజయనగరం జిల్లాలో అల్లూరి సీతారామరాజు పేరు మీద కట్టిన ఈ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. రన్‌వే 3,800 మీటర్లు, పెద్ద విమానాలు దిగేంత పొడవు. శ్రీకాకుళం నుంచి రణస్థలం, పైడిభీమవరం మీదుగా అరవై కిలోమీటర్లకి అటూఇటూ, గంటలో చేరిపోవచ్చు. విజయనగరం వాళ్లకైతే పాతికే, పాత విమానాశ్రయానికి అరవై పోవాల్సింది. కాబట్టి టికెట్ మీద ఎక్కే చోటు ఏదో రెండుసార్లు చూసుకోండి. రెండింటి మధ్యా యాభై కిలోమీటర్ల పైనే ఉంటుంది, ఒకటనుకుని ఇంకోదానికి వెళ్తే ఆ రోజు ప్రయాణం అయిపోయినట్టే.

ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వాళ్ల సంగతి వేరు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ 240 కిలోమీటర్లు, భువనేశ్వర్ రెండొందల లోపు. బరంపురం దాటితే అదే హైవే. భువనేశ్వర్ నుంచి హైదరాబాద్, ఢిల్లీ రెండింటికీ విమానాలున్నాయి. ఆ చివర ఉండేవాళ్లు టికెట్ చూసేటప్పుడు భువనేశ్వర్ కూడా కొట్టి చూడాలి, ఒక్కోసారి కారు ఖర్చు కూడా మిగులుతుంది. భోగాపురంతో పోలిస్తే మాత్రం ఇచ్ఛాపురానికి రెండూ ఇంచుమించు సమాన దూరం, అప్పుడు భాష వచ్చిన వైపుకే పోవడం మేలు.

ఇక రైలు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో విశాఖ ఎక్స్‌ప్రెస్ గానీ కోణార్క్ గానీ ఎక్కితే సికింద్రాబాద్ దాదాపు పదిహేను గంటలు. సామాను తూకం గొడవ విమానంలో అంత ఉండదు, ఖర్చు తక్కువ. కానీ రైలు మూడు నాలుగు గంటలు ఆలస్యం కావడం మనకి కొత్త కాదు. సికింద్రాబాద్ నుంచి శంషాబాద్ ఇంకో నలభై కిలోమీటర్లు. అందుకని రైల్లో వెళ్లాలనుకుంటే ఒక రోజు ముందు చేరి, హైదరాబాద్‌లో చుట్టాలింట్లో పడుకుని, స్నానం చేసి, మర్నాడు రాత్రి విమానం ఎక్కాలి. హైదరాబాద్‌లో దగ్గరివాళ్లు ఉన్న వాళ్లకి ఇది నిజంగా మంచి దారి. డబ్బు మిగలడం కంటే, పెద్దవాళ్లు అలసిపోకుండా పెద్ద విమానం ఎక్కుతారు, అది ముఖ్యం. హైదరాబాద్‌లో ఎవరూ లేకపోతే హోటల్, క్యాబ్ కలిసి విశాఖ విమానం ఖర్చుకి దగ్గరకి వచ్చేస్తుంది.

ఒకే టికెట్టా, రెండు టికెట్లా

నేను చేసిన తప్పు చెప్పాలి. మొదటిసారి హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి ఒక టికెట్, విశాఖ నుంచి హైదరాబాద్‌కి వేరే టికెట్ కొన్నాను. విడిగా కొంటే మూడు వేలు తక్కువ. గొప్ప పని చేశాననుకున్నాను.

అమెరికా వెళ్లేవాళ్లకి మామూలు తరగతిలో చాలా టికెట్లకి మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు. ఇద్దరికి నాలుగు పెట్టెలు, 92 కిలోలు. కానీ విడిగా కొన్న దేశీయ టికెట్‌కి మనిషికి 15 కిలోలే. కౌంటర్ దగ్గర 62 కిలోలు ఎక్కువ తేలింది. కిలోకింతని లెక్కేస్తే నేను మిగిల్చినదానికి పదింతలు కట్టాల్సొచ్చింది. పెద్దమ్మ పెట్టె విప్పి అరిసెలు తీసేద్దామని కూర్చుంది, వద్దని కట్టేశాను. దానికి తోడు ఆ విమానం రెండున్నర గంటలు ఆలస్యం. హైదరాబాద్‌లో కౌంటర్ మూయడానికి పది నిమిషాల ముందు చేరారు. వేరే టికెట్ కాబట్టి తప్పిపోతే రెండో కంపెనీకి ఏ బాధ్యతా లేదు, కొత్త టికెట్ కొనుక్కోవాల్సిందే. ఆ రాత్రి నాకున్న టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఒకే టికెట్ అంటే, ఒకే పీఎన్ఆర్ మీద విశాఖ నుంచి డల్లాస్ దాకా ఉంటే, సామాను పరిమితి మొత్తం ప్రయాణానికి అమెరికా లెక్కే. మధ్యలో ఆలస్యమై తర్వాతి విమానం తప్పితే వాళ్లే ఇంకోదాంట్లో పంపాలి. పెట్టెలకి విశాఖలోనే డల్లాస్ దాకా ట్యాగ్ వేస్తారా అని కౌంటర్‌లో నోరు తెరిచి అడగండి. ట్యాగ్ మీద చివరి మూడు అక్షరాలు డల్లాస్‌వో (DFW) కాదో కళ్లతో చూడండి. నాలుగైదు వేలు ఎక్కువైనా పెద్దవాళ్లకి ఒకే టికెట్టే కొనండి, ఇందులో నేను రాజీ పడను. రైల్లో వెళ్లి హైదరాబాద్ నుంచి మొదలుపెట్టేవాళ్లకి ఈ సమస్యే లేదు.

ఎక్కడ మారాలి

హైదరాబాద్‌లో మారడం సులువు. 2008 నుంచి నడుస్తున్న ఆ విమానాశ్రయంలో దేశీయ, అంతర్జాతీయ విమానాలకి ఒకటే టెర్మినల్. ఢిల్లీలో అలా కాదు, దేశీయ విమానం ఒక టెర్మినల్‌లో దింపితే అమెరికా విమానం ఇంకోదాంట్లో ఉండొచ్చు, మధ్యలో బస్సు. డిసెంబర్, జనవరిలో ఢిల్లీ మంచు సంగతి తెలిసిందే, సంక్రాంతి చేసుకుని బయల్దేరేవాళ్లు తెల్లవారుజాము ఢిల్లీ విమానాలు పెట్టుకోవద్దు. పైగా పాకిస్తాన్ 2025 ఏప్రిల్ 24న తన ఆకాశాన్ని భారతీయ విమానాలకి మూశాక, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని మన విమానాలు యూరప్‌లో ఆగి ఇంధనం పోసుకోవాల్సొచ్చింది. "నాన్‌స్టాప్" అని కొన్నది నాన్‌స్టాపేనా అని బుక్ చేసేటప్పుడు చూసుకోండి.

గల్ఫ్‌కీ దాని బాధలు దానికున్నాయి. 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో కురిసిన వాన విమానాశ్రయాన్ని ముంచేసి రోజుల తరబడి అల్లకల్లోలం చేసింది. 2025 జూన్ 23న ఖతార్ తన ఆకాశాన్ని కొన్ని గంటలపాటు మూసేసింది. కొనేముందు ఆ వారం వార్తలు చూడడం అలవాటు చేసుకోండి.

అన్నిటికన్నా నేను ఎక్కువ విలువిచ్చేది ఇంకొకటి: అమెరికాలో మొదట దిగే చోటు. ఆ దేశంలో మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమిగ్రేషన్, అక్కడే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ ఇవ్వాలి. శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో, నెవార్క్ మీదుగా వెళ్లేవాళ్లు, పదమూడు పదిహేను గంటలు కూర్చుని లేచిన కాళ్లతో, నాలుగు పెట్టెలు తోసుకుంటూ తర్వాతి విమానం కోసం పరుగెత్తాలి. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన పెద్దవాళ్లకి ఇదే అసలు పరీక్ష. దుబాయ్, దోహా, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి డల్లాస్‌కి నేరుగా విమానాలున్నాయి. వాటిలో వెళ్తే ఇమిగ్రేషన్ డల్లాస్‌లోనే, బయటికొస్తే కొడుకో కూతురో నిలబడి ఉంటారు. ఒక మినహాయింపు అబుదాబి. అక్కడ అమెరికా అధికారులే కూర్చుని ఇమిగ్రేషన్ చేసేస్తారు, అమెరికాలో దేశీయ ప్రయాణికుల్లా దిగొచ్చు. అయినా డల్లాస్‌కి ఇంకో విమానం మారాలి.

లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో ట్రాన్సిట్ వీసా భయం చాలామందికి ఉంది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసాతో అమెరికాకే వెళ్తూ, విమానాశ్రయం లోపలే ఉండి మారేవాళ్లకి అది అక్కర్లేదు. బయటికి రావాల్సిన టికెట్ కొనకూడదు, అంతే. మధ్యలో ఆగే సమయం నేనైతే మూడు నుంచి ఐదు గంటలు చూస్తాను. గంటన్నర ఉన్న టికెట్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వీల్‌చైర్ మనిషి కోసం ఎదురుచూడ్డంలోనే అది అయిపోతుంది. వీల్‌చైర్‌కి మామూలుగా డబ్బు తీసుకోరు. టికెట్ కొన్నప్పుడే చెప్పి పెట్టాలి. నడవగలిగినవాళ్లు కూడా మొహమాటపడకుండా అడగొచ్చు, దారి తెలియని చోట తీసుకెళ్లే మనిషి దొరకడమే సగం సాయం.

నన్ను అడిగితే, మొదటిసారి వెళ్లే తల్లిదండ్రులకి విశాఖ లేదా భోగాపురం నుంచి ఒకే టికెట్ మీద హైదరాబాద్, దుబాయ్ లేదా దోహా, డల్లాస్. మోకాళ్లు, నడుం నొప్పి ఉన్నవాళ్లకి లండన్ లేదా ఫ్రాంక్‌ఫర్ట్, వెయ్యో రెండు వేలో ఎక్కువైనా సరే. హైదరాబాద్‌లో సొంతవాళ్లుంటే ముందురోజు రైలు. చదువుకోడానికి వెళ్లే పిల్లలకి ఏది చవకైతే అది, ఢిల్లీ అయినా, షికాగో అయినా. వాళ్ల కాళ్లు పరుగెత్తగలవు. ఇప్పుడు కేంద్ర పౌరవిమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడే కాబట్టి, భోగాపురం నుంచి నేరుగా గల్ఫ్‌కి విమానం పడాలని మా వీధి అరుగు మీద రోజూ ఒక తీర్మానం పాసవుతోంది. అది జరిగితే హైదరాబాద్ ముక్క, దాంతో ఆరేడు గంటల కాపలా తప్పుతాయి. అప్పుడు ఈ పోలికంతా మళ్లీ రాయాలి.

పెట్టెల గురించి ఒక్క మాట. ఉద్దానం వాళ్లు కొబ్బరి లేకుండా ఎక్కడికీ బయల్దేరరు. ఎండు కొబ్బరి కాయలు, కురిడీలు విమానంలో పెట్టెలో వేయనివ్వరు, అందులో నూనె ఎక్కువ కాబట్టి త్వరగా అంటుకునే సరుకు కింద లెక్క. పలాస జీడిపప్పు వేయించి ప్యాక్ చేసింది పట్టుకెళ్లండి. ఆవకాయ పెట్టెలోనే వేయాలి, చేతి సంచిలో వద్దు. మాంసం పచ్చళ్లు అసలు వద్దు, పచ్చి పళ్లు, విత్తనాలు కూడా. తినేవి ఏమున్నా అక్కడ అడిగినప్పుడు ఉన్నాయని చెప్పేయడమే మంచిది. షుగర్ మందులు, ఇన్సులిన్ మాత్రం చేతి సంచిలో, చీటీతో సహా.

పెద్దమ్మ రెండోసారి వెళ్లినప్పుడు దోహా దారిన పంపాను, ఒకే టికెట్ మీద. డల్లాస్‌లో దిగి ఫోన్ చేసింది. "ముప్పై తొమ్మిది గంటలురా, నువ్వు చెప్పినదానికి ఒక గంట తక్కువే" అంది. వెనక నుంచి మనవడి ఏడుపు వినిపిస్తోంది, నిద్రలో లేపేసినట్టున్నారు.